పై మేట గుల్లలు

జల్లెడ అనేది ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదని వేరే చెప్పనక్కర్లేదు. గుల్లల షెడ్డులో వాళ్ళు తగిలించారు. ఉప్పుటేట్లోంచి తిండికని ఏరుకొచ్చిన గుల్లల్ని ఆమె ముందున్న స్టీలు బల్ల మీద కుమ్మరిస్తే చాలు, చచ్చినవి ఒక పక్కకి, పగిలినవి ఒక పక్కకి, పిల్ల గుల్లలు మరో పక్కకి వెళ్ళిపోయేవి. ఆ బల్లకి ఒక ఇనప కడియం గొలుసుతో వేలాడుతూ ఉంటుంది. అది ఇన్‌స్పెక్టరు ఇచ్చింది. కడియంలోంచి జారిపోయే గుల్ల ఇంకా ఎదగాలని, దాన్ని తిరిగి ఏట్లో వెయ్యాలని చట్టం. షెడ్డులో అందరికీ కడియం కావాలి గానీ జల్లెడకి అక్కర్లేదు. కంటితోనే కొలిచి పారేసేది. ఎవరైనా పంతానికి పోయి కడియంలో పెట్టి చూసుకుంటే ఆమె మాటే నెగ్గేది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి అంటారే, ఆ బాపతు. తన గొప్ప తనకి తెలియకుండా ఉంటే బాగుండేది గానీ, ఆమెకి బాగానే తెలుసు.

కొలత ఒక్కటే అయితే అంత పేరు వచ్చేది కాదు. గుల్లని చూసి అది ఏ మేటలో పెరిగిందో చెప్పేది. ఆ ఏటికి రెండు మేటలున్నాయి. ఆటుకి నీళ్ళు తీసినప్పుడు రెండూ బయటపడతాయి. పై మేటంతా నల్ల బురద. అక్కడ పెరిగిన గుల్ల అంచుల దగ్గర, రెండు చిప్పలూ కలిసే మడత దగ్గర మసిబారి ఉంటుంది. కింది మేట ఇసక, అక్కడి గుల్ల తెల్లగా తేటగా ఉంటుంది. ఊరి మురుక్కాలువ వచ్చి పై మేట పక్కనే ఏట్లో కలుస్తుంది కాబట్టి ప్రభుత్వం ఆ మేటని ఎప్పుడో మూసేసింది. వరసగా కొయ్యలు పాతి, గుల్లలు గానీ ఆల్చిప్పలు గానీ ఏరరాదని ఎర్ర బోర్డులు కొట్టింది. ఆ బోర్డుల కింద రాళ్ళకి అంటుకుని ఆల్చిప్పలు అరచేతంత పెరిగి ఊరిస్తూ ఉంటాయి. ముట్టుకుంటే మాత్రం పర్మిట్ కార్డు గల్లంతు.

కింది మేటలో కార్డున్నవాళ్ళు పగటిపూట, చేత్తోనో, పళ్ళున్న చిన్న దంతెతోనో ఏరుకోవచ్చు. యంత్రాలు పనికిరావు. రోజుకి ఇంతకి మించి ఏరకూడదు. ప్రతి సంచికీ ఏరినవాళ్ళ నంబరు వేసిన చీటీ కట్టాలి. వినేవాళ్ళకి ఇన్ని ఆంక్షలా అనిపిస్తుంది గానీ వాళ్ళకవి కాళ్ళు కడుక్కున్నంత మామూలు. చట్టంలో లేని కట్టుబాటు కూడా ఒకటి వాళ్ళే పెట్టుకున్నారు. కింది మేటని మడులుగా పంచుకున్నారు. ఒకరి మడిలో ఇంకొకరు చెయ్యి పెట్టరు.

అంతా సాఫీగా జరిగిపోతున్న రోజుల్లో పట్నంలో ఒక హోటల్లో ఈ షెడ్డు గుల్లలు తిన్నవాళ్ళు వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. ఒక ముసలావిడ చావు అంచుదాకా వెళ్ళొచ్చింది. ఏ సంచిలో గుల్లలని ఆరా తీస్తే, ఆ హోటలు మహానుభావుడు సంచులన్నీ ఒకే తొట్టిలో పోసి చీటీలు చెత్తబుట్టలో పడేశాట్ట. ఇన్‌స్పెక్టరు షెడ్డుకి వచ్చాడు. కేకలు వేసుంటే బాగానే ఉండేది. ఆయన నెమ్మదిగా, టోపీ తీసి బల్ల మీద పెట్టి, మీలో ఎవరో పై మేటలో ఏరుతున్నారు అన్నాడు. ఎవరో తేలితే వాళ్ళ కార్డు ఒక్కటే పోతుందనీ, తేలకపోతే ఈ సీజనుకి అందరి కార్డులూ రద్దు చేసి షెడ్డుకి తాళం వేస్తాననీ చెప్పి, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట అందరికంటే ఎక్కువ తగిలింది జల్లెడకే. ఆమె మొగుడు పడవల మీద మూటలు మోసీ మోసీ నడుం పట్టేసి, ఇంట్లో కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు. ఆమె కార్డు, షెడ్డులో ఆమె పని, ఈ రెండింటి మీదే ఆ ఇల్లు నిలబడింది. పక్క వాటాలో మరిదీ తోటికోడలూ ఉంటారు. మరిదికీ ఒక కార్డుంది. రెండు వాటాలకీ పెరడు ఒకటే, కుళాయి ఒకటే.

ఇక చూడండి, ఆ పూట నుంచి షెడ్డులో ఒకళ్ళ మొహం ఒకళ్ళు సూటిగా చూడటం మానేశారు. ఎవడైనా ఆలస్యంగా వస్తే ఎక్కణ్ణించని చెవులు కొరుక్కునేవాళ్ళు. తొందరగా వస్తే, ఏం అంత తొందరగా నిండిందేమిటి బుట్ట అనేవాళ్ళు. ఒకరి బూట్ల వంక ఒకరు చూసుకునేవాళ్ళు, నల్ల బురద కనిపిస్తుందేమోనని. పాపం, కొందరు బూట్లు తుడుచుకోవడానిక్కూడా భయపడి, ఇసకతోనే షెడ్డంతా తొక్కి తిరిగారు. తుడిస్తే ఎందుకు తుడిచావంటారు మరి.

బూట్లు కడిగింది ఒక్క మరిదే.

అతను మామూలుగా నోరు మూసుకుని కూర్చునే రకం కాదు. బుట్ట బల్ల మీద పెడుతూనే, ఏం వదినా, ఈసారి నన్ను కూడా కడియంలో పెట్టి చూస్తావా అని ఏదో ఒకటి అనకుండా ఉండేవాడు కాదు. అలాంటివాడు బెల్లం కొట్టిన రాయిలా తయారయ్యాడు. అందరికంటే ముందు ఏటికి వెళ్ళిపోతున్నాడు, అందరూ వచ్చేశాక వస్తున్నాడు. బుట్ట నేరుగా షెడ్డుకి తేకుండా ముందు ఇంటికి తెస్తున్నాడు. షెడ్డు దారిలో ఉంటే ఇంటికెందుకు తెచ్చినట్టు? జల్లెడకి మనసులో పురుగు దొలవడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుతూ కిటికీలోంచి చూసింది. మరిది కుళాయి దగ్గర పీట వేసుకుని, బుట్ట పక్కన పెట్టుకుని, గుల్లల్ని ఒక్కొక్కటే తీసి బ్రష్షు పెట్టి తోముతున్నాడు. జల్లెడ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. గుల్లల్ని తోమేవాణ్ణి ఆమె తన జన్మలో చూడలేదు. ఏట్లోనే బుట్టతో సహా నాలుగుసార్లు జాడించి తెస్తారు, అంతే. ఇతనేమో తోమి, మడత దగ్గర గోటితో గీకి, వెలుతురుకి ఎత్తి చూసుకుని మళ్ళీ తోముతున్నాడు. ఆ ఓపిక చూస్తే ఆమెకి ఒళ్ళు మండింది.

బట్టలు ఆరేసే నెపంతో పెరట్లోకి వెళ్ళి తోటికోడల్ని కదిలించింది. మీ ఆయనకేం, కొత్తగా శుభ్రం పిచ్చి పట్టుకుందా అంది నవ్వుతున్నట్టు. ఏమో అక్కా, నీటుగా కనిపిస్తాయని కాబోలు అని తోటికోడలు నీళ్ళు నమిలి, ఆరిన బట్టల్నే మళ్ళీ దులిపి ఆరేసింది. జల్లెడ అది కూడా చూసింది. ఆమె చూడనిదేముంది!

మర్నాడు మరిది బుట్ట బల్ల మీదకి వచ్చింది. గుల్లలు తెల్లగా మెరిసిపోతున్నాయి. ఏట్లోంచి వచ్చిన గుల్ల అంత తెల్లగా ఉండదు. జల్లెడ ఒకదాన్ని తీసి బొటనవేలి గోటితో మడత దగ్గర నొక్కి చూసింది. లోపల దారం పోగంత నలుపు. ఇంకొకటి తీసింది. అందులోనూ అదే. పై మేట గుల్ల. సందేహమే లేదు. ఆమె ఓ గుప్పెడు గుల్లలు ఏప్రాన్ జేబులో వేసుకుని, మిగతా బుట్టంతా చచ్చిన గుల్లల డబ్బాలో పోసేసింది.

ఇంకెవరి బుట్టయినా అలా పోస్తే ఒంటికాలి మీద లేచేవాళ్ళు. మరిది డబ్బా వంక చూశాడు, వదిన వంక చూశాడు, ఖాళీ బుట్ట తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంకేం కావాలి రుజువు? నిజాయితీపరుడైతే ఎందుకు పారేశావని అడగడూ?

ఆ సాయంత్రం జేబులో గుల్లలు తీసి మొగుడి ముందు పెట్టింది. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా అన్నాడు.

"వాణ్ణే అడగొచ్చుగా?"

"దొంగని పట్టుకుని నువ్వు దొంగవా అని అడుగుతారా ఎవరైనా? మీ తమ్ముడు కాబట్టి మీకలా ఉంటుంది."

ఆయన గుల్లల్ని మళ్ళీ ఆమె చేతిలో పెట్టేశాడు. వల అందుకున్నాడు. నిజం చెప్పాలంటే అడగడం ఆమెకి పెద్ద పనేం కాదు. పెరట్లోకి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. కానీ అడిగితే అతనేదో ఒకటి చెబుతాడు, చెబితే నమ్మాలో వద్దో తేల్చుకోవాలి. కళ్ళతో చూసి తేల్చుకోవడం అలవాటైన మనిషికి అదొక తలనొప్పి. అందుకే అడగలేదు, వెంబడించింది.

ఐస్ ఫ్యాక్టరీ గోడ చాటున నిలబడి చూసింది. మరిది ఏటి గట్టునే నడుచుకుంటూ కింది మేట దాటి, ఎర్ర బోర్డుల దాకా వెళ్ళాడు. మొదటి కొయ్యని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. వెనక్కి తిరిగి తన మడి వైపు చూశాడు. వంగి కొంచెం బురద తీసి వాసన చూశాడు. అటూ ఇటూ చూసి, చేతులు కడుక్కుని తిరిగొచ్చాడు. బుట్ట వెంట తేలేదు. చోటు చూసుకోవడానికి వచ్చి ఉంటాడు అనుకుంది జల్లెడ. అనుమానం కళ్ళజోడు ఒకసారి పెట్టుకున్నాక అందులోంచి మనిషి పడుకున్నా దొంగలాగే కనిపిస్తాడు.

ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చిన రోజున షెడ్డులో అందరూ ఉన్నారు. ఎవరూ నోరు విప్పకపోయేసరికి ఆయన తాళంకప్ప తీసి బల్ల మీద పెట్టాడు. జల్లెడ దాని వంకే చూసింది. తన కార్డు, నడుం పట్టేసిన మొగుడు, ఖాళీ గిన్నెలు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ భయంతో పాటు ఇంకొకటి కూడా ఉంది. ఇంతమందికీ తెలియనిది తనకి తెలుసు. అది కూడా ఆమెని ముందుకి తోసింది. జేబులో గుల్లలు తీసి తాళంకప్ప పక్కన పెట్టి, ఇవి మా మరిది బుట్టలోవి అంది.

ఇన్‌స్పెక్టరు మరిదిని పిలిచి ఎక్కడ ఏరావని అడిగాడు. కింది మేటలోనే సార్, నా మడిలో అన్నాడు మరిది. ఇన్‌స్పెక్టరు జల్లెడ వైపు తిరిగాడు. ఆయన ఈ ఊరికి వచ్చిన కొత్తల్లో పై మేట గుల్లనీ కింది మేట గుల్లనీ పక్కపక్కన పెట్టి తేడా చూపించింది ఆమే.

"ఇవి పై మేట గుల్లలు సార్," అంది జల్లెడ. "తెలియకుండా ఉండాలని బ్రష్షు పెట్టి తోమాడు. నేను చూశాను. బోర్డుల దగ్గర తిరగడం కూడా చూశాను."

మరిది బల్ల మీది గుల్లల వంక చూశాడు. వదిన మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆమెకి తేలిగ్గా ఉండేది. కోపం లేదు. ఏదో లెక్క తప్పినవాడిలా, చెయ్యి చొక్కా జేబులో పెట్టి కార్డు తీసి ఇచ్చేశాడు. తాళంకప్ప మళ్ళీ ఇన్‌స్పెక్టరు సంచిలోకి వెళ్ళింది. షెడ్డంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. అప్పటిదాకా పక్కవాడి బూట్లు చూసినవాళ్ళంతా, మాకు ముందే తెలుసని చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ఇంట్లో మాత్రం ఊపిరాడలేదు. తోటికోడలు పెరటి తలుపు మూసేసింది. వదినా అన్న పిలుపు ఆ గోడ దాటి రావడం మానేసింది. మరిది ఐస్ ఫ్యాక్టరీ రేవులో పడవలకి ఐసు ఎత్తే కూలికి కుదిరాడు. జల్లెడ మొగుడు ఆమెతో పోట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు. వల అల్లుతూ ఒకసారి మాత్రం, తను నడుం పట్టేసి మంచాన పడిన నెలలో రెండు వాటాలకీ బియ్యం తెచ్చింది ఆ దొంగేనని గొణిగాడు. జల్లెడ వినపడనట్టు స్టవ్వు తుడిచింది.

మరిది మడి ఖాళీ అయింది కదా, దాన్ని ఎవరికివ్వాలన్న మాట వచ్చింది. ఏరేవాళ్ళ సంఘం పెద్ద కాస్త ఉబ్బితబ్బిబ్బవుతూ, అందరి కార్డులూ కాపాడింది నువ్వే కాబట్టి నువ్వే తీసుకోమన్నాడు. అది కింది మేటకి పై అంచున, పై మేట వైపు నుంచి దిగొచ్చే నీటిపాయ పక్కన ఉంటుంది. గుల్లలు బాగా పడే మడి. వద్దనడానికి జల్లెడకి కారణం కనిపించలేదు. కొంచెం ఇబ్బందిగా అనిపించినా, ఆటు చూసుకుని బుట్టా దంతే పట్టుకుని వెళ్ళింది.

అడుగు పెట్టగానే కాలు చీలమండ దాకా దిగింది. ఇసక మేటలో కాలు అలా దిగకూడదు. పైన ఇసకే ఉంది, చూడ్డానికి బాగానే ఉంది. దంతెతో గీసింది. వేలి మందం ఇసక కింద నల్లటి బురద మెత్తగా పైకి వచ్చింది. వాసన గుప్పుమంది. ఆమె నమ్మలేక పక్కన గీసింది, ఇంకాస్త అవతల గీసింది. అన్నిచోట్లా నలుపే. గుల్లలు చేతికొచ్చాయి. అంచుల దగ్గర, మడత దగ్గర మసిబారిన గుల్లలు. ఏ మేటవో చెప్పమంటే ఆమె కళ్ళు మూసుకుని చెప్పేది, పై మేటవని.

ఆమె మొదట చేసిన పనేమిటో తెలుసా? చుట్టూ చూసింది. ఎవరైనా గమనిస్తున్నారేమోనని. తర్వాత ఒక గుల్లని నీళ్ళలో ముంచి చెంగుతో గట్టిగా తోమింది. నలుపు పోలేదు. ఏప్రాన్ అంచుతో రుద్దింది, గోటితో గీకింది. ఈ బుట్ట ఇలాగే బల్ల మీదకి వెళితే నన్నేమంటారో అన్న ఒక్క భయం తప్ప బుర్రలో ఇంకేం లేదు. ఇంకో రెండు గుల్లలు తోమాక ఆమె చెయ్యి ఆగిపోయింది.

అలా మోకాళ్ళ మీదే ఉండిపోయింది. మరిది ఏం చేశాడో, ఎందుకు చేశాడో ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. వేసవి మొదట్లో మురుక్కాలువ పూడిక తీశారు. గట్టున పోసిన ఆ బురదంతా ఆటు వెంట పాయలోంచి కిందికి జారి ఇక్కడ చేరింది. ఏరు కొయ్యల్నీ బోర్డుల్నీ చూసి ఆగుతుందా? పై మేట కిందికి దిగొచ్చింది, అంతే. మనిషి గీత దాటలేదు, గీతే మనిషిని దాటింది. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. హోటల్లో ఆ ముసలావిడ తిన్న గుల్లలు దొంగగా ఏరినవి కావు. చట్టప్రకారం ఏరి, చీటీ కట్టి, తన బల్ల మీద తన చేతులతో పాస్ చేసినవే. అప్పటికింకా పూర్తిగా నలుపు ఎక్కి ఉండదు. కంటికి దొరకలేదు.

బుట్టలో గుల్లలు వెనక్కి పోసేసి, తన పాత మడిలో నాలుగు తెల్లవి ఏరుకుని వెళ్ళిపోవచ్చు. ఎవరూ అడగరు. కార్డు ఉంటుంది, పని ఉంటుంది. నిజం చెబితే కింది మేట కూడా మూసేస్తారు, అందరి కూడూ పోతుంది. ముందుగా తనదే. ఆమె ఆ మాట చాలాసేపు అనుకుంది. పోటు మొదలై నీళ్ళు పాదాల్ని తాకేదాకా అనుకుంది. తర్వాత బుట్ట నెత్తిన పెట్టుకుని, జాడించకుండా, బురద నీళ్ళు మెడ మీదికి కారుతుండగా ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి నడిచింది.

ఆ ఆఫీసు రేవు పక్కనే రెండు గదులు. కిటికీ అరుగు మీద నీళ్ళ నమూనాల సీసాలు వరసగా ఉన్నాయి. ఫ్యాను గాలికి గోడ మీది మ్యాపు టపటపలాడుతోంది. అందులో పై మేట ఎర్ర గీతలతో, కింది మేట పచ్చ రంగుతో ఉంది. జల్లెడ బుట్ట కింద పెట్టి ఒక గుల్ల తీసి ఇచ్చింది. ఆయన దాన్ని తిప్పి చూసి, మడత దగ్గర గోటితో నొక్కాడు. అచ్చం ఆమె నేర్పినట్టే.

"పై మేటది," అన్నాడు.

"కాదు సార్. కింది మేటది. మా మరిది మడిలోది. ఇందాక నేనే ఏరాను."

ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమె బురద దిగిందనీ పూడిక తీశారనీ గబగబా చెబుతూ ఉంటే విన్నాడు. విన్నాక ఆయన కళ్ళల్లో కదిలినదాన్ని జల్లెడ వెంటనే గుర్తుపట్టింది. ఎందుకు పట్టదు, ఆ చూపు ఆమెదే కదా. మరిది కార్డు పోయాక ఇంట్లో గొడవలవుతున్నాయా అని అడిగాడు ఆయన, చాలా మర్యాదగా. అతన్ని బయటపడెయ్యడానికి పై మేటకి వెళ్ళి ఓ బుట్ట ఏరుకురావడం పెద్ద కష్టమేం కాదన్నాడు. సీజను మొదట్లో తీసిన నీళ్ళలో ఏ దోషమూ లేదన్నాడు. రండి, వచ్చి తవ్వి చూడండి అంది ఆమె. ఇప్పుడు పోటు, మేట మునిగింది, చూడటానికి రేపు ఆటు దాకా ఆగాలన్నాడు. ఈలోగా మీరు అక్కడే ఏరారని చూసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు.

ఎవరూ లేరని చెప్పబోయి జల్లెడ ఆగింది. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. రేవు ఎదురుగానే పాయ, పాయ అవతల ఆ మడి. రేవులో గోనెసంచి భుజాన వేసుకుని ఐసు దిమ్మలు ఎత్తుతున్న మనిషి ఒక్కడే పొద్దుటి నుంచీ అక్కడ ఉన్నాడు.

మరిదిని పిలిపించారు. తడి గోనెసంచితోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బుట్ట చూశాడు, గుల్లలు చూశాడు, వదిన వంక చూడలేదు. ఈవిడ ఈ పూట ఎక్కడ ఏరిందో చూశావా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. మరిది చేతుల తడి లుంగీకి తుడుచుకున్నాడు. చూళ్ళేదు అంటే చాలు, జల్లెడ పని అయిపోతుంది. పై మేట వైపు వెళ్ళింది సార్ అన్నా అనొచ్చు. తను అతని స్థానంలో ఉంటే ఏమనేదో ఆమెకి తెలుసు.

"చూశాను సార్," అన్నాడు మరిది. "నా మడిలోనే ఏరింది. ఎర్ర బోర్డుల దరికి కూడా పోలేదు. గుల్లలు నల్లగా ఉన్నాయని మొదట నీళ్ళలో ముంచి చీరతో తోమింది. చుట్టూ చూసి మళ్ళీ తోమింది. తర్వాత మానేసింది."

ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. జల్లెడకి తల కొట్టేసినట్టయింది. ఇన్‌స్పెక్టరు ఆమె తడి చీర వంక చూశాడు. చెంగుకి నల్ల మరకలున్నాయి. ఆయన లేచి మ్యాపు దగ్గరికి వెళ్ళి, పై మేట నుంచి పాయ వెంట కిందికి వేలితో గీసి చూశాడు. మరి నువ్వు ముందే ఎందుకు చెప్పలేదయ్యా అని మరిదిని అడిగాడు. చెబితే మేటంతా మూసేస్తారని భయమేసింది సార్, వానలు పడితే కొట్టుకుపోతుందనుకున్నాను అన్నాడు మరిది తలొంచుకుని. వాంతులయ్యాయని విన్నాక కూడానా అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కొత్తగా ఎర్ర బోర్డులు తెప్పించమని ఇన్‌స్పెక్టరు గుమాస్తాకి పురమాయించాడు. కింది మేట కూడా మూత, నమూనాలు శుభ్రంగా వచ్చేదాకా. తర్వాత సొరుగు లాగి మరిది కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. నువ్వు గీత దాటలేదు కాబట్టి ఇది నీదే, తీసుకో అన్నాడు.

"తీసుకుని ఏ మేటలో ఏరమంటారు సార్?" అన్నాడు మరిది. అయినా తీసుకుని తడి జేబులో పెట్టుకున్నాడు.

బయట మెట్ల మీద జల్లెడ అతనికి అడ్డంగా నిలబడింది. కాళ్ళ మీద పడదామా అనిపించింది గానీ పెద్దరికం అడ్డొచ్చింది. క్షమించమనడానికి నోరు రాలేదు. రావలసిన మాట రాక, వేరే మాట వచ్చింది.

"ఆ రోజు షెడ్డులో గట్టిగా ఒక్క మాట ఎందుకు అనలేదయ్యా? వదినా, నీ కన్ను తప్పు, అని ఒక్క మాట అనుంటే..."

"నా మడిలోవే అని చెప్పాను కదా వదినా. ఆ తర్వాత నువ్వు పై మేటవి అన్నావు." అతను భుజం మీది గోనెసంచి సర్దుకున్నాడు. "నువ్వంత గట్టిగా అనేసరికి నాకే అనుమానం వచ్చింది. బురద దిగిందని తెలిసి కూడా, తెలీకుండా నేనే గీత దాటానేమో అనుకున్నా. మర్నాడు కొయ్యల దగ్గర్నించి నా మడి దాకా మళ్ళీ అడుగులేసుకుంటూ వచ్చా. లెక్క సరిగ్గానే ఉంది. అయినా నీ కన్ను తప్పవుతుందని మాత్రం తోచలేదు. నా అడుగులే తప్పనుకున్నా."

రేవులోంచి ఎవరో ఐసు కరిగిపోతోందని అతన్ని కేకేశారు. వస్తున్నానని చెప్పి అతను ఆమె పక్కనుంచి తప్పుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.